ఏడు గెలిచి ఒకటి ఓడిన చోటు: తడ నుంచి 2024

2024 ఎన్నికల గురించి ఎవరు మాట్లాడినా సునామీ అనే అంటారు. 175 సీట్లలో కూటమికి 164 (తెలుగుదేశం 135, జనసేన 21, బీజేపీ 8). అంతకు ఐదేళ్ళ ముందు 151 గెలిచిన వైసీపీకి 11. ఈ అంకెలు చూశాక సునామీ కాదనడానికి నాకూ నోరు రాదు. కాకపోతే నేను ఓటేసిన చోట ఆ సునామీ ఒక మీట దాకా వచ్చి ఆగిపోయింది. హైదరాబాదులో ఉన్న మిత్రులకి ఈ సంగతి చెబితే సగం మంది "అవునా?" అన్నారు. అందుకే ఇదంతా రాయడం.

మాది తడ. చెన్నై నుంచి హైవే మీద వచ్చేవాళ్ళకి ఆంధ్రాలో మొదట తగిలే ఊరు. చెన్నై సాఫ్ట్‌వేర్ జనాలకి "తడ ఫాల్స్"గానే తెలుసు. (నిజానికి ఆ ఉబ్బలమడుగు ఉండేది వరదయ్యపాళెం మండలంలో, పేరు మాత్రం మాకొచ్చింది.) 2022 ఏప్రిల్ దాకా మేం నెల్లూరు జిల్లా, ఆ తర్వాత తిరుపతి జిల్లా. అసెంబ్లీకి సూళ్ళూరుపేట, పార్లమెంటుకి తిరుపతి. రెండూ ఎస్సీ రిజర్వుడు స్థానాలే.

సరిహద్దు ఊరి ఎన్నికలో ఓ తమాషా ఉంటుంది. తమిళనాడులో పోలింగు ఏప్రిల్ 19నే అయిపోయింది, మాకు మే 13. పక్కనే ఉన్న ఆరంబాకం వాళ్ళ గోళ్ళ మీద సిరా సగం చెరిగిపోయాక గానీ మా వంతు రాలేదు. నేను పనిచేసేది చెన్నైలో కాబట్టి ఆ సోమవారం నాకు మామూలు పనిరోజే. ఓటుకి జీతంతో సెలవివ్వాలని ప్రజాప్రాతినిధ్య చట్టంలో 135బీ అనే సెక్షను ఒకటుంది, మా మేనేజరుకి లింకు పంపితే గానీ నమ్మలేదు!

బూతులో రెండు యంత్రాలు. తెల్ల కాగితం అంటించింది పార్లమెంటుకి, గులాబీది అసెంబ్లీకి. మీట నొక్కితే పక్కన వీవీప్యాట్ అద్దంలో చీటీ ఏడు సెకన్లు కనబడి కింద పడుతుంది, బీప్ మంటుంది. రెండు బీపులు, ఒకటే సిరా చుక్క. లైన్లో నా ముందున్న అవ్వ ఎండకి కొంగు కప్పుకుని, "ఏందబ్బయా, రెండు దఫాలు నొక్కాలంట గదా, రెండూ ఒకదానికే నొక్కాల్నా?" అంది. "నీ ఇష్టం అవ్వా, దేనికదే" అన్నాను. "అట్టయితే సరే" అని ఊరుకుంది. ఆమె ఏం చేసిందో నాకు తెలీదు, తెలియకూడదు కూడా. జూన్ 4 తర్వాత మాత్రం ఆ "అట్టయితే సరే" చాలాసార్లు గుర్తొచ్చింది.

ఎందుకంటే ఫలితం ఇదీ. తిరుపతి లోక్‌సభ కింద ఏడు అసెంబ్లీ సీట్లున్నాయి: సర్వేపల్లి, గూడూరు, సూళ్ళూరుపేట, వెంకటగిరి, తిరుపతి, శ్రీకాళహస్తి, సత్యవేడు. ఏడుకి ఏడూ కూటమివే. 2019లో మా సూళ్ళూరుపేటలో అరవై వేల పైన మెజారిటీతో గెలిచిన కిలివేటి సంజీవయ్య, మాజీ ఎంపీ నెలవల సుబ్రహ్మణ్యం గారి అమ్మాయి విజయశ్రీ చేతిలో ఓడిపోయారు. మరి ఎంపీ? వైసీపీ అభ్యర్థి గురుమూర్తికి 6,32,228 ఓట్లు, బీజేపీ అభ్యర్థి వరప్రసాదరావుకి 6,17,659. పద్నాలుగున్నర వేల తేడాతో వైసీపీ గెలిచింది. అదే గురుమూర్తికి 2021 ఉప ఎన్నికలో రెండు లక్షల డెబ్భై వేల పైచిలుకు మెజారిటీ వచ్చింది. అంటే గాలి ఆయనకీ తగిలింది, పడిపోలేదంతే.

వృత్తిరోగం కొద్దీ ఒక లెక్క వేశాను. ఏడు సీట్లలో కూటమి మెజారిటీలు కూడితే లక్షన్నర పైమాటే. ఎంపీ దగ్గరకొచ్చేసరికి అది మైనస్ పద్నాలుగున్నర వేలు. అంటే తేడా లక్షా అరవై వేల పైన. ఒక మనిషి రెండో ఓటు మార్చి వేస్తే తేడా మహా అయితే రెండు ఓట్లు కదులుతుంది. కాబట్టి తక్కువలో తక్కువ ఎనభై వేల మంది రెండు యంత్రాల మీద రెండు రకాలుగా నొక్కారు. పోలైన ఓట్లు పదమూడు లక్షల పైచిలుకు. నిలబడిన లైన్లో పదహారు పదిహేడు మందికి ఒకరన్న మాట. ఇది కనీసపు లెక్క, అసలు సంఖ్య ఇంకా ఎక్కువే ఉంటుంది.

"జనానికి కమలం గుర్తు అలవాటు లేదు, సైకిల్ వెతుక్కుని కనబడక ఏదో నొక్కేశారు" అని ఒక వాదన విన్నాను. నాకిది నచ్చలేదు. 1999లో ఇదే తెలుగుదేశం పొత్తులో, ఇదే తిరుపతిలో, ఇదే కమలం గుర్తు మీద ఎన్.వెంకటస్వామి గెలిచారు. అప్పుడూ అసెంబ్లీకి, పార్లమెంటుకి ఒకేసారి ఓటేశాం. ఇరవై ఐదేళ్ళ కింద దొరికిన గుర్తు ఇప్పుడు దొరక్కపోవడమేంటి?

అభ్యర్థి చరిత్ర చూడండి. వరప్రసాదరావు గారు 2014లో ఇక్కడే వైసీపీ తరఫున బీజేపీనే ఓడించి ఎంపీ అయ్యారు. ఆ ఎన్నికల ప్రచారంలోనే మోదీ గారు తిరుపతి సభలో ప్రత్యేక హోదా మాటిచ్చారు. హోదా రాలేదని 2018లో రాజీనామా చేసిన ఐదుగురు వైసీపీ ఎంపీల్లో ఈయనొకరు. 2019లో గూడూరు ఎమ్మెల్యే. 2024లో అదే బీజేపీ టిక్కెట్టు! హోదా కోసం పదవి వదులుకున్న మనిషికి, హోదా ఇవ్వని పార్టీ గుర్తు మీద ఓటెయ్యమంటే ఓటరు ఒక్క క్షణం ఆగడా? దీనికి తోడు కాంగ్రెస్ నుంచి చింతా మోహన్ గారికి అరవై వేల పైన పడ్డాయి, అంటే మెజారిటీకి నాలుగు రెట్లు. అన్నట్టు 1984లో ఈయన మొదటిసారి తిరుపతి ఎంపీ అయ్యింది సైకిల్ గుర్తు మీదే. దేశమంతా రాజీవ్ గాంధీ గాలి వీస్తుంటే ఇక్కడ తెలుగుదేశం 30 సీట్లు తెచ్చుకున్న ఎన్నిక అది.

ఇలా చెయ్యడం మనకే కొత్తా అంటే, కాదు. 1984 డిసెంబర్లో కర్ణాటక 28 లోక్‌సభ సీట్లలో 24 కాంగ్రెస్‌కిచ్చి, మూడు నెలలు తిరక్కుండా 1985 మార్చిలో హెగ్డే గారి జనతా పార్టీకి అసెంబ్లీ అప్పగించింది. 2024లోనే అమెరికాలో నార్త్ కరోలినా ట్రంప్‌ని గెలిపించి, గవర్నర్‌గా డెమొక్రాట్‌ని ఎన్నుకుంది. కర్ణాటక వాళ్ళకి ఆలోచించుకోడానికి మూడు నెలలు దొరికాయి. మా వాళ్ళు తెల్ల కాగితానికీ గులాబీ కాగితానికీ మధ్య రెండడుగుల దూరంలో తేల్చేశారు.