మాచ్‌ఖండ్ చరిత్రలో చీపురుపల్లి సీమ వాటా

ఉత్తరాంధ్ర పారిశ్రామిక చరిత్ర రాసినవారిలో ఎక్కువమంది దానిని విశాఖ రేవుతో మొదలుపెట్టి ఉక్కు కర్మాగారంతో ముగిస్తారు. మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం ప్రస్తావన వచ్చినా అది మన్యం సంగతి అనో కొరాపుట్ సంగతి అనో ఒక్క వాక్యంలో దాటవేస్తారు. విజయనగరం, గరివిడి, చీపురుపల్లి వాసులు ఒప్పుకోదగిన చరిత్ర కాదిది.

చిక్కంతా సరిహద్దుల మార్పులతో వచ్చింది. మాడుగుల కొండల్లో పుట్టి, దిగువన సీలేరు పేరుతో పారి, శబరి మీదుగా గోదావరిని చేరే మాచ్‌ఖండ్ నదికి డుడుమ జలపాతం వద్ద రెండు ఒడ్లూ 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా ఒకే విశాఖపట్నం జిల్లాలో ఉండేవి; 1907 నాటి ఫ్రాన్సిస్ గెజిటీరులో జైపూర్ జమీందారీ ఆ జిల్లాలో భాగమే. 1950లో శ్రీకాకుళం, 1979లో విజయనగరం జిల్లాలు విడివడగా, అప్పటిదాకా శ్రీకాకుళంలో ఉన్న చీపురుపల్లి తాలూకా విజయనగరం కిందికి వచ్చింది. ఇలా చేతులు మారిన సీమ కథను ఏ జిల్లా చరిత్రకారుడూ తనదిగా రాయలేదు.

ఆ కథ మాచ్‌ఖండ్ కేంద్రంతో మొదలవుతుంది. నీటిచక్రం, అంటే పడే నీటి బలంతో తిరిగే చక్రం, ఇక్కడ టర్బైన్ రూపంలో ఉంది. 1955లో మొదటి యూనిట్‌తో మొదలై 1959 నాటికి ఆరు యూనిట్లు సిద్ధమైన ఈ కేంద్రం నేటికీ పనిచేస్తూనే ఉంది. దాని ఏడాదిని వానలే నిర్ణయిస్తాయి. జూన్‌లో నైరుతి పట్టగానే జోలాపుట్ జలాశయంలోకి వరద చేరడం మొదలవుతుంది. పూర్తి మట్టం 2750 అడుగులు దగ్గరపడితే గేట్లు ఎత్తక తప్పదు. అక్కడ వదిలిన నీరు 2590 అడుగుల పూర్తి మట్టం గల డుడుమ జలాశయంలో ఆగి, అక్కడినుంచి గొట్టాల్లో ఎనిమిది వందల అడుగులకు పైగా లోతుకు దూకి చక్రాలను తిప్పుతుంది. పవర్‌హౌస్ లోయ అడుగున ఉన్నందువల్ల సిబ్బంది వించ్ మీద, అంటే ఇనుప తాడుతో పట్టాలపై దింపే బండిలో, ఏటవాలుగా దిగి డ్యూటీకి వెళ్లాలి. శీతకాలం మొదలుకొని ఎండలు ముదిరేదాకా వానాకాలపు నిల్వే దిక్కు కనుక, మే నెలలో జోలాపుట్‌లో మిగిలిన ప్రతి అడుగు నీటికీ లెక్క ఉంటుంది.

ఈ కరెంటుకూ చీపురుపల్లి సీమకూ లంకె మాంగనీసు. గరివిడి, గర్భాం, కోడూరు పరిసరాల మాంగనీసు ఖనిజాన్ని 1890ల నుంచి తవ్వి, ముడిగానే రేవులకు పంపి ఓడలకెత్తేవారు. ఫెర్రో మాంగనీసు, అంటే ఉక్కు తయారీలో కలిపే ఇనుము–మాంగనీసు మిశ్రమ లోహం, తీయడానికి కర్బన కడ్డీల గుండా కరెంటు పారించి ఖనిజాన్ని కరిగించే కొలిమి కావాలి. అది కరెంటును ఎడతెగకుండా మింగుతుంది. మాచ్‌ఖండ్ వెలిగిన తరువాతనే 1950ల చివర గరివిడిలో అటువంటి కొలిమి రాజుకోవడం యాదృచ్ఛికం కాదు. విశాఖ ఉక్కుకు ఎన్నో ఏళ్ల ముందే ఈ సీమలో లోహం కరిగింది.

మాచ్‌ఖండ్ విద్యుత్తులో మద్రాసుకు 70, ఒరిస్సాకు 30 వంతులన్న తొలి పంపకాన్ని ఆంధ్రుల ఆక్రమణగా చిత్రించే ఒడిశా వాదం నిలవదు. ఆ నిష్పత్తి 1940లలో మద్రాసు ప్రభుత్వం కుదుర్చుకున్నది; 1953లో పుట్టిన ఆంధ్ర రాష్ట్రానికి అది వారసత్వంగా సంక్రమించింది. 2020 ఒప్పందంలో సగం సగం అనుకోవడం న్యాయమే, ఎందుకంటే నీరు ఇరువురిదీ. అయితే రెండు రాష్ట్రాల వాదనల్లోనూ జోలాపుట్ నీట మునిగిన పల్లెల గిరిజనుల పేరు చివరికే వస్తుంది. గరివిడి కొలిమిని గొప్పగా చెప్పుకునే ఈ సీమవారైనా ఆ ఊళ్ల పేర్లు, అక్కడినుంచి లేచిపోయిన కుటుంబాలు ఎక్కడ స్థిరపడిందీ తమ చరిత్ర పుస్తకాల్లో ముందు రాయవలసి ఉంది.