గుజరీ ఇనుము, మా కొలిమి

మన తెలుగువాళ్లం ఎక్కడ స్థిరపడితే అక్కడి మాట మన నోట్లోకి వచ్చి కూర్చుంటుంది. పాత ఇనుము కొట్టు సంగతే తీసుకోండి. ఆంధ్రలో, తెలంగాణలో తుక్కు అంటారు, పాత ఇనుప సామాను అంటారు. కోలారు వైపు ఉన్న మేము కన్నడంవాళ్లతో పాటు గుజరీ అంటాం. తమిళనాట ఉన్న మన చుట్టాలు కాయలాన్ కడ అంటారు. కాయల్‌పట్టణం వర్తకుల పేరు మీదే ఆ మాట పుట్టిందని అక్కడ చెప్పుకుంటారు. షోలాపూర్‌లో అది భంగార్, బరంపురంలో కబాడీ. పేరు ఏదైనా సరుకు ఒకటే: విరిగిన ఇరుసులు, వంగిన కడ్డీలు, తుప్పు పట్టిన పట్టీలు.

ఈ మధ్య మా ఇంటి కుర్రాడొకడు ఇంటి వెనక కొలిమి పెట్టుకుంటానని గుజరీకి పోయి రెండు లారీ కమాను పట్టీలు, ఒక రైలుపట్టా ముక్క కొనుక్కొచ్చాడు. వాడు చేసేది బెంగళూరులో కంప్యూటరు ఉద్యోగం. తాతలనాటి పని నేర్చుకోవాలని సరదా పుట్టింది. ఇంట్లో పెద్దాయన ఒకరికి అది నచ్చలేదు. "మన వంశం ఉక్కు చేసిన వంశం రా. గుజరీ ఏరుకునే ఖర్మ నీకేం పట్టింది?" అన్నారు.

ఆ మాట మమ్మల్ని ఆలోచనలో పడేసింది. మా వంశం నిజంగా ఉక్కు చేసిందా? గుజరీ ఇనుము మనకు ఎప్పటి నుంచి చుట్టం? పుస్తకాల్లో దొరికిందీ, ఇంట్లో పెద్దవాళ్లు చెప్పిందీ కలిపి ఇక్కడ రాసుకుంటున్నాం.

ఉక్కు కథ, మన కథ

తెలుగు నేలలో ఉక్కు చేశారన్నది పచ్చి నిజం. నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రం అందుకు పేరుపడ్డ ఊరు. 1820ల మొదట్లో హెన్రీ వాయిసీ అనే భూగర్భ శాస్త్రవేత్త ఆ ఊరికి పోయి, మట్టి మూసల్లో ఇనుము పెట్టి ఉక్కు తీసే పద్ధతిని వివరంగా రాసి పెట్టాడు. ఆయన పోయిన రోజుల్లోనే ఇరాన్‌లోని ఇస్ఫహాన్ వర్తకుడొకడు ఉక్కు కొనడానికి ఆ ఊళ్లో మకాం వేసి ఉన్నాడు. డమాస్కస్ కత్తులని ప్రపంచం చెప్పుకునే వాటికి ఇలాంటి దక్షిణాది ఉక్కే మూలం. ఇంగ్లీషువాళ్లు దీన్నే వూట్జ్ అన్నారు. మన ఉక్కు అనే మాటే అట్లా మారిందని చాలామంది పండితుల అభిప్రాయం. మైకేల్ ఫెరడే అంతటివాడు కూడా దీని గుట్టు తెలుసుకోవాలని ప్రయోగాలు చేశాడు.

మేమున్న మైసూరు వైపు కూడా ఈ పని ఉండేది. 1800-01లో ఫ్రాన్సిస్ బుకానన్ ఈ ప్రాంతమంతా తిరిగాడు. మాగడి వైపు, మధుగిరి వైపు ఇనుము కరిగించే బట్టీలను చూశాడు. వానలకు కొండల మీద నుంచి కొట్టుకొచ్చిన నల్ల ఇసకను పోగుచేసి ఇనుము తీసేవాళ్లని రాశాడు. అక్కడి ఉక్కు దేనికి వాడేవాళ్లో కూడా చెప్పాడు: రాళ్లు కొట్టేవాళ్ల ఉలులకు, కత్తులకు, సంగీత వాయిద్యాల తీగలకు. కత్తి ఒక్కటే కాదు, ఉలీ వీణ తీగా కూడా ఆ ఉక్కు బిడ్డలే.

అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. చాలాచోట్ల ఇనుము కరిగించేవాళ్లు వేరు, ఊళ్లో నాగలి కర్రు సరిచేసే కమ్మరి వేరు. మా పెద్దలు ఐదు తరాల కిందట మదనపల్లె వైపు నుంచి ముళబాగిలు వైపుకు వచ్చింది ఊరి కమ్మరులుగానే. ఆయగాళ్లలో ఒకరుగా రైతుల దగ్గర కల్లంలో ధాన్యం పుచ్చుకుని ఏడాదంతా వాళ్ల పనిముట్లు చూసేవాళ్లు. ఇనుము రైతే తెచ్చేవాడు, చాలాసార్లు బొగ్గులు కూడా. మా వాళ్లది చేయి, సుత్తి. మా ఇంట్లో మిగిలిన పనిముట్లలో మూస ఒక్కటి లేదు. ఉన్నవి పటకార్లు, సమ్మెట, అరిగిపోయిన దాగలి.

రైతు తెచ్చే ఇనుము కూడా ఎప్పుడూ కొత్తది కాదు. కర్రు అరిగితే పారేసేవాళ్లు కాదు. ఎర్రగా కాల్చి, ఇసక చల్లి, ఇంకో ముక్క అతికి సాగగొట్టేవాళ్లు. పార విరిగితే దాంట్లోంచి కొడవలి, కొడవలి అరిగితే దాంట్లోంచి కలుపు తీసే దోకుడుపార. పాత ఇనుమును వదలకపోవడం మా పనిలో మొదటి రోజు నుంచీ ఉన్నదే.

ఇనుము రైలెక్కి వచ్చింది

మద్రాసు నుంచి మొదటి రైలు 1856లో నడిచింది. 1864 నాటికి ఆ దారి బౌరింగుపేట, అంటే నేటి బంగారుపేట మీదుగా బెంగళూరు దాకా వచ్చింది. రైలుతో పాటు సీమ ఇనుము లోపలి ఊళ్లకు చవగ్గా చేరింది. ఒకే కొలతలో ఉండే కడ్డీలు, పట్టీలు సంతలో దొరుకుతుంటే, బండెడు బొగ్గు కాల్చి తట్టెడు ఇనుము తీసే బట్టీ ఎట్లా నిలుస్తుంది? అది చాలదన్నట్టు 1882లో మద్రాసు అడవుల చట్టం వచ్చింది. బొగ్గుకు కట్టె కొట్టుకోవడం కష్టమైపోయింది. ఒకటొకటిగా బట్టీలు ఆరిపోయాయి. అవి ఉన్న గుర్తుగా పొలాల్లో ఇనుప చిట్టెం ముద్దలు మాత్రం మిగిలాయి. ఇప్పటికీ దుక్కి దున్నేటప్పుడు కొన్నిచోట్ల నాగలికి తగులుతుంటాయి.

బట్టీ చచ్చిపోయినా ఊరి కొలిమి చావలేదు. ఎందుకంటే దానికి కావలసింది ఇనుము, అది ఎక్కడిదైనా సరే. రైలు పాత సామాను వేలానికి వచ్చేది. బండి చక్రాల పాత పట్టాలు, బావి గిలకల ఇరుసులు, మేకులు, బోల్టులు అన్నీ కొలిమికి చేరాయి. 1912లో సాక్చిలో టాటావాళ్ల ఉక్కు, 1923లో మైసూరు సంస్థానంలోనే భద్రావతి ఇనుము మొదలైనా, ఊరి కమ్మరికి కొత్త కడ్డీ కన్నా పాత ముక్కే అందుబాటు. రెండో ప్రపంచ యుద్ధంలో, 1941లో, ఇనుము అమ్మకం మీద ప్రభుత్వం కంట్రోలు పెట్టింది. ఆ రోజుల్లో పాత మేకు కూడా వంకర తీసి దాచుకునేవాళ్లమని మా జేజి చెప్పేది.

గని, బండరాయి, ఉలి

మా వైపు ఇంకో సంగతి ఉంది. 1880లో జాన్ టేలర్ కంపెనీ కోలారు బంగారు గనుల్లో దిగింది. చుట్టుపక్కల నుంచి తమిళం, తెలుగు మాట్లాడే కూలీలు వేలమంది అక్కడ చేరారు. గట్టి రాయిని తొలిచే కడ్డీలు ఊరికే మొద్దుబారిపోయేవి. వాటిని కాల్చి, మొన తీసి, మళ్లీ గట్టిపరచి ఇవ్వడానికి కమ్మరులు కావలసివచ్చారు. మా ముత్తాత తమ్ముడు కొన్నేళ్లు ఆ పనికే పోయాడు. సీమ ఉక్కు అంటే ఏమిటో మా ఇంటికి తెలిసింది ఆయన వల్లనే. ఊరి ఇనుముకు అలవాటైన చెయ్యి ఆ కడ్డీని అదే మంటలో అంతే సేపు కాల్చితే, సుత్తి దెబ్బకు మొన పొడిపొడిగా రాలిపోయేదట. ఉక్కును తెల్లగా కాల్చకూడదు, ఎర్రగా ఉన్నప్పుడే కొట్టాలి. ఈ పాఠం ఆయన గనిలో నేర్చుకుని ఇంటికి తెచ్చాడు.

కర్ణాటకలో, తమిళనాట రాతిపని చేసే వడ్డెరవాళ్లను కూడా ఇక్కడ తలుచుకోవాలి. కన్నడంలో బోవి అంటారు. వాళ్లలో చాలా కుటుంబాల్లో ఇప్పటికీ ఇంటి భాష తెలుగే. బండ దగ్గరే చిన్న గుంట తవ్వి, బొగ్గు వేసి, సాయంత్రానికి మొద్దుబారిన ఉలులన్నీ కాల్చి పదును పెట్టుకుంటారు. బుకానన్ రాసిన రాతి ఉలి ఉంది చూశారూ, ఆ ఉలి అవసరం రెండు వందల ఏళ్ల తర్వాత కూడా పోలేదు. మూస ఉక్కు పోయింది, దాని చోటుకు పాత కడ్డీల ఉక్కు వచ్చింది. పని మాత్రం తెగలేదు.

లారీ తెచ్చిన వరం

స్వతంత్రం వచ్చాక రోడ్ల మీద లారీలు పెరిగాయి. 1954లో టాటావాళ్లు జర్మనీ కంపెనీతో కలిసి లారీలు చేయడం మొదలుపెట్టారు. ఆ లారీల కమాను పట్టీలు విరిగి గుజరీకి వచ్చేసరికి కమ్మరులకు పండగే. అందులో కార్బన్ సుమారు 0.5 నుంచి 0.6 శాతం ఉంటుంది. పదును నిలుస్తుంది, తొందరగా విరగదు. మా తాత చేసిన మచ్చుకత్తులు, కొడవళ్లు చాలావరకు ఆ పట్టీలవే. కొనుక్కుపోయిన రైతులు "కమాను కత్తి" అని అడిగి మరీ తీసుకుపోయేవాళ్లు. కొత్త ఇనుముతో చేసిందానికి అంత గిరాకీ ఉండేది కాదు.

ఇనుమును చదవడం

పాత ఇనుముకు చీటీ ఉండదు. ఏ ముక్క ఏమిటో కమ్మరే చదువుకోవాలి. మా దృష్టిలో అసలు విద్య ఇదే.

మొదట చెవి. ముక్కను తాడుకు వేలాడదీసి కొడితే ఉక్కు గంటలా మోగుతుంది. పోత ఇనుము డబ్‌మని ఆగిపోతుంది. పోత ఇనుమును ఎంత కాల్చినా సాగగొట్టలేం, పగులుతుంది. పాత మిషన్ల చక్రాలు, గుండ్లు చూసి ఆశపడకూడదు.

తర్వాత సాన. సానరాయికి ఆనిస్తే మెత్తని ఇనుము రవ్వలు పొడుగ్గా, గీతల్లా పోతాయి. కార్బన్ ఎక్కువ ఉన్న ఉక్కు రవ్వలు కాకరపువ్వొత్తిలా చిట్లుతాయి. పాత ఆకురాయి ఒకటి పక్కన పెట్టుకుని పోల్చుకుంటే తేడా తెలిసిపోతుంది. ఆకురాయిలో కార్బన్ 1 శాతానికి పైనే.

ఆ తర్వాత నీళ్లు. చిన్న ముక్కను ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచి, దాగలి అంచున పెట్టి కొట్టాలి. వంగితే మెత్తనిది: మేకుకు, గొళ్లేనికి, బండి పట్టాకు. టప్‌మని విరిగి, విరిగినచోట సన్నని బూడిద రంగు నలుసు కనిపిస్తే అది పదునుకు పనికొస్తుంది.

చివరికి కన్ను. మా జేజి తిత్తి ఊదేది. తాత చేతిలో ఇనుము ఉన్నా, మంటలోంచి ఎప్పుడు తియ్యాలో చెప్పేది ఆమే. పగటి వెలుతురులో రంగు మోసం చేస్తుందని కొలిమి ఎప్పుడూ నీడలోనే పెట్టేవాళ్లు. గట్టిపరిచిన ఉలిని మెరిసేలా రుద్ది మళ్లీ మెల్లగా వేడి చేస్తే మొన మీద రంగులు పాకుతాయి: మొదట ఎండుగడ్డి రంగు, తర్వాత వంకాయ రంగు, తర్వాత నెమలి మెడ నీలం. రాతి ఉలికి గడ్డి రంగు దాటి వంకాయ రంగు తగిలేలోపు ఆపాలి. నీలం దాకా పోతే మెత్తబడి మొన వంగిపోతుంది. ఈ లెక్కలు మా ఇంట్లో ఎవరూ కాగితం మీద రాయలేదు. చూసినవాళ్లు నేర్చుకున్నారు, చూడనివాళ్లకు పోయింది.

మొదలుపెట్టే పిల్లలకు

మా కుర్రాడికి చెప్పిందే మీ ఇళ్లలో పిల్లలకూ చెబుతున్నాం. మూరెడు రైలుపట్టా ముక్క ఉంటే దాగలి అయినట్టే. పాత లారీ బ్రేకు డ్రమ్ములో మట్టి మెత్తితే కొలిమి. తిత్తి బదులు చేత్తో తిప్పే గాలిపంకా చాలు. ఉక్కు సరైన కాకకు వచ్చిందో లేదో కనిపెట్టడానికి జేజి కన్ను లేకపోతే అయస్కాంతం పెట్టుకోండి. సుమారు 770 డిగ్రీల దగ్గర ఇనుము అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుంది.

మూడు జాగ్రత్తలు. జింకు పూత ఉన్న జీఐ పైపులు, బకెట్లు మంటలో పెట్టవద్దు. ఆ తెల్ల పొగ పీలిస్తే చలిజ్వరం వచ్చి పడుకోబెడుతుంది. మూతి మూసిన గొట్టాలు, షాక్ అబ్జార్బర్లు, సిలిండర్లు కాల్చవద్దు, పేలుతాయి. రైలు దారి పక్కన పడి ఉన్నది ఏదీ ముట్టవద్దు. 1966 నాటి చట్టం ప్రకారం రైల్వే సొత్తు దగ్గర ఉంచుకోవడమే నేరం. కొట్లో కొన్నా రసీదు తీసుకోండి. పాత ఇనుము కొనే కమ్మరిని దొంగసొత్తు పేరుతో అనుమానించడం మా తాతల కాలం నుంచీ ఉంది.

పెద్దాయనకు మా జవాబు ఇదీ. కోనసముద్రం ఉక్కు తెలుగువాళ్లందరి గర్వం, అందులో మాకూ పాలు ఉంది. కానీ మా ఇంటి అన్నం వచ్చింది విరిగిన ఇరుసులోంచి, అరిగిన కర్రులోంచి, లారీ కమానులోంచి. ఇనుము తీసే బట్టీలు ఆరిపోయినా, ఏ ఊళ్లో ఏ ఇనుము దొరికితే దాన్ని చదువుకుని మా వాళ్లు బతికారు. గుజరీ కొట్లో వంగి ఒక్కో ముక్కను కొట్టి చూసే కుర్రాడు వంశం పరువు తియ్యడం లేదు. వంశం చేసిన పనే చేస్తున్నాడు.

మీ ఇంట్లో కొలిమి దగ్గర కూర్చున్న అవ్వాతాతలు ఇంకా ఉంటే, ఆ రంగుల పేర్లు, పనిముట్ల పేర్లు ఏ యాసలో చెబితే ఆ యాసలోనే రాసి పెట్టండి. పాత ఇనుము రేపు కూడా దొరుకుతుంది. దాన్ని చదివే మాటలు మాత్రం వాళ్లతోనే పోతాయి.