కపిల బాన కుట్టిన చేతులు

ఉగాది సంచికలలో మన వలస చరిత్రను వ్రాయువారు సామాన్యముగా విజయనగరముతో మొదలుపెట్టుదురు. 1529 ప్రాంతమున విశ్వనాథ నాయకుడు మధురలో పాలనకు వచ్చుట, తంజావూరు నాయకుల కొలువున యక్షగానములు వెలయుట, ఆ పిమ్మట త్యాగరాజస్వామి. ఈ వరుసలో కథ నడచును. చదువుటకు ఇంపుగనే యుండును. కాని దండు నడచినపుడు దానితో గుఱ్ఱపు జీనులు, కళ్లెపు వారులు, కత్తి ఒరలు, భేరులు కూడ నడచినవి గదా! రైతు క్రొత్త నేల వెదకికొనుచు వచ్చినపుడు బావినుండి నీరు తోడుటకు తోలు బాన కావలసి వచ్చినది గదా! వీనిని కుట్టినవారు మన సంచికలలో ఎక్కడను కనబడరు. ఈ వ్యాసము వారిని గూర్చి.

తమిళనాట పడమటి సీమలో, అనగా కోయంబత్తూరు, తిరుప్పూరు, ఈరోడు, సేలము, నామక్కల్, కరూరు, దిండిగల్లు ప్రాంతములలో అరుంధతీయులు లక్షల సంఖ్యలో నున్నారు. చక్కిలియర్, మాదిగ, మాదారి, పగడై, తోటి, ఆది ఆంధ్ర అను పేర్లతో ప్రభుత్వపు జాబితాలలో వ్రాయబడినవారందరును ఈ కోవలోనివారే. కొందరి ఇంటిభాష కన్నడము, కొందరికి తమిళమే. అయినను పెక్కు ఇండ్లలో తల్లి బిడ్డను పిలుచునది నేటికిని తెలుగుననే. 1909లో వెలువడిన ఎడ్గార్ థర్‌స్టన్ గ్రంథము వీరిని తెలుగు, కన్నడ సీమలనుండి వచ్చిన తోలు పనివారుగా పేర్కొన్నది. వసిష్ఠుని ఇల్లాలు అరుంధతి తమ యింటి ఆడపడుచే యని వీరు చెప్పుకొందురు. ఆంధ్ర, తెలంగాణములలోని మాదిగలును ఇదే చెప్పుదురు. జాంబవంతుడు తమ మూలపురుషుడని అక్కడ చిందువారు, డక్కలివారు జాంబపురాణము వినిపింతురు. చుట్టరికమునకు ఇంతకంటె సాక్ష్యమేమి కావలెను?

ఇక వారి విద్య మాట. విద్య యనుటకు మనలో కొందరికి నోరు రాకపోవచ్చును. పలకా బలపము లేని చదువును మనము చదువుగా లెక్కించు అలవాటు లేదు.

పచ్చి తోలు వేసవిలో ఒక దినము ఆలస్యమైనచో కుళ్లి పాడగును. కావున ఊరిలో పశువు చచ్చినదని కబురు వచ్చినపుడు ఇంటిల్లిపాదియు కదలవలసినదే. ఒలుచునపుడు కత్తి జాఱి లోపలి వైపున గాటు పడినదా, ఆ తోలు చెప్పుల క్రింద పనికివచ్చునేమో గాని నీటి బానకు పనికిరాదు. ఉప్పు పట్టించి, కడిగి, సున్నపు నీటిలో నానవేయుదురు. తోళ్లు నానవేయు ఆ తొట్టినే లంద యందురు. సున్నము తగిన పాళ్లలో నున్నచో కొన్ని దినములకు వెండ్రుక తనంతట తానే వదులగును. ఎక్కువైనచో తోలు బిరుసెక్కి పగులును, తక్కువైనచో వెండ్రుక రాదు, వాసన ముదురును. ఎన్ని దినములు, ఎంత సున్నము అని అడిగినచో పనివాడు లెక్క చెప్పడు. ఎండాకాలమునకు ఒక తీరు, వానకాలమునకు ఒక తీరు. ముసలి ఎద్దు తోలు ఒక దారి, లేగ తోలు మరియొక దారి. వ్రేలితో నొక్కి, వెండ్రుక నాలుగు పోచలు లాగి చూచి, ఇక తీయుడని చెప్పుట పెద్దవాని పని. పక్కన నిలిచి వందసార్లు చూచిన పిల్లవానికి నూట యొకటవ సారి తన వ్రేలికే అది తెలియును. వాడు నేర్చుకొనుట అప్పుడు పూర్తియైనట్లు కాదు, మొదలైనట్లు.

వెండ్రుకను, లోపలి మాంసపు పొరను గీకి, సున్నము పోవునట్లు కడిగిన పిమ్మట తంగేటి చెక్క వంతు. తంగేడు చెట్టు బెరడును దంచి నీట నానవేసిన కషాయమే తోలును తోలుగా చేయునది. పల్లెలలో దీనికొక చక్కని ఉపాయ ముండెడిది. తోలును సంచివలె కుట్టి, లోపల దంచిన చెక్కయు కషాయమును నింపి, దూలమునకు వ్రేలాడదీయుదురు. కషాయము తోలు రంధ్రములగుండ ఊరి చుక్కచుక్కగా క్రింది కుండలో పడును. దానినే తిరిగి పైన పోయుదురు. కొన్ని దినములకు సంచిని తలక్రిందు చేసి కట్టుదురు. లోపలినుండి బయటికి తన బరువుతోనే కషాయము తోలులో నడచుచుండును. పెద్ద గుంతలు, ఎక్కువ నీరు, ఎక్కువ చెక్క లేని బీదవాని యింట ఇంతకన్న తెలివైన పద్ధతి దొరకదు. తుదను కరక్కాయ నీరు పట్టించి, నూనె రాచి, నీడన ఆరవేయుదురు. సరిగా ఊనినదా లేదా యని చూచుటకు మందమైన చోట అంచున చిన్న కోత పెట్టుదురు. నడుమ తెల్లని చార కనబడినచో లోపల ఇంకను పచ్చిగా నున్నదన్నమాట. పెద్ద పెద్ద కర్మాగారములలో సైతము ఇదే పరీక్ష నడచినది.

చెక్క దంచుట, నీరు మోయుట స్త్రీల చేతులలో నుండెడివి. పసివాండ్రకు తోలు ముక్కలు ఏరి, వారులు కోయుటకు పట్టుకొను పని. వీపు తోలు గట్టిది, అడుగులకు తగును. పొట్ట తోలు సాగును, బరువు మోయు చోట వాడరాదు. మెడ తోలు ముడుతలది. ఈ భేదములన్నియు పిల్లలు ఆ ముక్కలతో ఆడుకొనుచునే తెలిసికొందురు. రంపెతో కోయుట తరువాత వచ్చును. ఆరెతో కన్నము పొడిచి వారు దూర్చి బిగించుట ఇంకను తరువాత. కన్నము వారుకంటె సన్నముగా నుండవలెను, తడిసిన వారు ఉబ్బి దానిని మూయవలెను. అప్పుడే బాన కారదు. కుట్టు చెడినచో రైతు తిరిగి తెచ్చి ముఖము మీద వేయును. అది వారి పరీక్షాధికారి.

ఈ విద్యలో రహస్యము లేదు. సున్నములో నానిన ఎద్దు తోలు ఒక్కరు ఎత్తగల బరువు కాదు. పొరుగింటివాడు చేయి వేయవలసినదే. ఒక యింటి లంద ఖాళీగా నున్నచో పక్క యింటి తోలు అందు పడును. పిల్ల కాపురమునకు పోయిన ఊరిలో చెక్క దంచు తీరు వేరైనచో పుట్టింటివారికి అదియు తెలియును. కంసాలి, సాలె మొదలగు పనులలో వినబడు 'మా ఇంటి గుట్టు' అనుమాట ఇక్కడ పుట్టుటకు వీలు లేకపోయినది. ఈ మాటలో మరియొక చేదు కూడ కలదు. దొంగిలించుకొని పోవలెనని బయటివాడెవ్వడును వచ్చినది లేదు.

తంగేడును వీరు ఎంత గౌరవించిరో థర్‌స్టన్ గ్రంథములోనే ఒక వాక్యము కలదు. పెండ్లికి ముందుగా తాళిని తంగేటి కొమ్మకు కట్టెడివారట. మనము తెలంగాణమున బతుకమ్మలో పేర్చు పువ్వు, తమిళులు పొంగలినాడు గుమ్మమునకు కట్టు ఆవారం పువ్వు, అదే. పువ్వును అందరు మెచ్చిరి. బెరడు విలువ తెలిసినవారు వీరు.

ఇక కపిల సంగతి. కొంగు సీమలో ఏరులు తక్కువ, బావులు లోతు. ఆ యెఱ్ఱనేలలో ప్రత్తి, రాగి, చెఱకు పండించినది బావి నీరు. బావిగట్టున ఏటవాలు దారిలో ఎద్దులు దిగుచుండగా బాన పైకి వచ్చును. బాన మొత్తము తోలుదే కావచ్చును, లేదా ఇనుప బానకు అడుగున తోలు తొండము కుట్టినది కావచ్చును. వచ్చునంతసేపు తొండము రెండవ త్రాటితో పైకి మడిగి యుండును. గట్టు చేరగానే అది చాచుకొని నీటిని కాలువలోనికి విడుచును. మనుష్యుడు బాన వంచనక్కరలేదు. దినమునకు వందలసార్లు మడిగి చాగు ఆ తొండమే ఆ యంత్రమునకు ప్రాణము. తెలంగాణమువారు దీనిని మోట యందురు, తమిళులు కవలై యందురు. కవలై యనగా తమిళమున దిగులు అను అర్థము కూడ నున్నది. తొండము చినిగిననాడు రైతుకు ఆ రెండు అర్థములును ఒకటే.

కావుననే ప్రతి రైతుకుటుంబమునకు ఒక తోలు పనివాని కుటుంబము అంటియుండెడిది. బాన, తొండము, వారులు, చెర్నాకోల, చెప్పులు కుట్టి ఇచ్చుట, మరమ్మతు చేయుట వారి వంతు. కోతలనాడు కళ్లములో ఇంత ధాన్యము వారి రాబడి. చచ్చిన పశువు తోలు హక్కు వారిదే. మోతయు వారిదే. హక్కు వెనుక నిర్బంధ మున్నది. చేయనని యనుటకు వీలు లేదు. ఆ ధాన్యము తీసికొనుటకు కళ్లము బయట నిలువవలెను. వారు కుట్టిన బానతో తోడిన నీటిని వారు ముట్టరాదు. ఇది వ్రాయకుండ ఈ విద్యను మెచ్చుకొనుట సరికాదని నా అభిప్రాయము. మృతపశువుల మోతను మానివేయుడని డాక్టర్ అంబేద్కర్ చెప్పినారు. తోలు పదను చేయుటను గౌరవప్రదమైన గ్రామ పరిశ్రమగా చేయవలెనని గాంధీమహాత్ముడు చెప్పినారు. ఇద్దరి మాటలలో మొదటిదానికి ఆ యిండ్లలోని యువకులు ఎక్కువగా చెవి యొగ్గుటలో ఆశ్చర్యమేమియు లేదు.

మదరాసులో జరిగిన కథ ఇంకను విచిత్రము. ఆల్ఫ్రెడ్ చాటర్టన్ అను ఇంజనీరు 1903లో అక్కడి కళాపాఠశాలలో క్రోము లవణములతో తోలు పదను చేయు పద్ధతిని ప్రవేశపెట్టినాడు. ఏల? తంగేటి చెక్క తోలు నీటిలో త్వరగా చెడునని, క్రోము తోలైనచో కపిల బానలు ఎక్కువకాలము మన్నునని. ఆ కాలముననే అదే చాటర్టన్ బావులపై నూనె ఇంజనులతో నడచు పంపులను కూడ ప్రచారము చేసినాడు. ఒక చేతితో బానకు ఆయువు పోసి, రెండవ చేతితో బాన అవసరమే లేకుండ చేయుటన్నమాట! ప్రభుత్వము 1910 ప్రాంతమున ఆ తోలు శాఖను వదలుకొన్నది. పద్ధతి మాత్రము నిలిచినది. మదరాసు పొలిమేరలో నున్న క్రోంపేట పేరు అక్కడి క్రోము తోలు కర్మాగారమునుండి వచ్చినదే. పిమ్మట 1932లో పైకారా జలవిద్యుత్తు మొదలై, ఆ తీగెలు కొంగు సీమ బావులకు చేరిన కొలది ఎద్దులు గట్టు దిగుట మానినవి. తంగేటి చెక్క స్థానమును దక్షిణాఫ్రికా వాటిల్ చెక్క ఆక్రమించినది. ఇంటి వెనుకటి లంద ఎండిపోయినది.

తోలు విద్య ఇప్పుడు బడికి ఎక్కినది. 1915లో మదరాసు చాకలిపేటలో తోలు పరిశ్రమ పాఠశాల వెలసినది. 1948లో అడయారులో కేంద్ర తోలు పరిశోధనాలయమునకు శంకుస్థాపన జరిగినది. తెనాలి చెంతనున్న యలవర్రులో 1922లో పుట్టిన యలవర్తి నాయుడమ్మగారు 1958 నుండి 1971 వరకు దానికి డైరెక్టరుగా నుండి దానిని ప్రపంచములో పేరుగల సంస్థగా చేసినారు. రైతు బిడ్డ, ఏ కులమువారు ముట్టరాదన్న పనిని ఎంచుకొని, చేతులు తడుపుకొని నేర్చినాడు. ఈ సంగతి మన సంచికలలో వచ్చినది, ఇంకను రావలెను. 1985లో కనిష్క విమాన దుర్ఘటనలో ఆయన మరణించినపుడు మదరాసు తెలుగువారందరు సొంత మనిషి పోయినట్లు దుఃఖించినారు. లంద దగ్గర వ్రేలితో చూచి చెప్పిన సంగతులకే ఆ పరిశోధనాలయములో సున్నపు పాళ్లు, ఉష్ణోగ్రతలు, గంటలు లెక్కకట్టి వ్రాసినారు. విద్య పోలేదు, పుస్తకములోనికి వచ్చినది. పుస్తకమునకును లందకును నడుమ దారి మాత్రము ఇరుకు. రాణిపేట, ఆంబూరు, వాణియంబాడి, దిండిగల్లు, ఈరోడు కర్మాగారములలో ఈ కులమువారు చాలమంది కూలీలుగా చేరినారు. యజమానులు వేరు.

కర్మాగారమునకు పోనివారి గతి మరియు కఠినము. పల్లెలో బానలు పోయినవి, చెప్పులు అంగడినుండి వచ్చుచున్నవి. పురపాలక సంఘములు వీరిని పాకీపనికి తీసికొన్నవి. తరతరముల చేతిపని తెలిసినవాని చేతికి చీపురు ఇచ్చుటకు ఆ పేరు తప్ప వేరు కారణము లేదు. మనుష్యులచేత మలమెత్తించుటను నిషేధించు చట్టములు 1993లోను 2013లోను వచ్చినవి. 2009లో తమిళనాడు ప్రభుత్వము షెడ్యూల్డు కులముల 18 శాతములో అరుంధతీయులకు 3 శాతము ప్రత్యేకముగా కేటాయించినది. 2024 ఆగస్టు 1వ తేదీన అత్యున్నత న్యాయస్థానము అట్టి ఉపవిభజన చెల్లునని తీర్పు చెప్పినది. ఈ తీర్పు వచ్చినపుడు కొంగు సీమలోని అరుంధతీయవాడలలో సంబరములు జరిగినవి. ఎన్ని తెలుగు సంఘములు ఆ సంబరమును తమదిగా తలచినవి?

మన సంఘములు పిల్లలకు తెలుగు నేర్పుటకు ఆదివారపు బడులు పెట్టుచున్నవి. మంచిదే. ఏ బడియు లేక, ఏ గ్రంథాలయమును లేక, బడిలో తమిళమే చదువుచు, నాలుగైదు వందల యేండ్లుగా ఇంట తెలుగు నిలుపుకొన్నవారు మన పొరుగుననే యున్నారు. వారి తెలుగులో మనము మఱచిన మాటలున్నవి. బాన ఎన్ని ముక్కలుగా కోయుదురు, తొండమునకు ఏ కుట్టు, ఆరెకు ఎన్ని రకములు, ఏ పనిముట్టును ఆ యింట నేమందురు అను సంగతులు బానలు కుట్టిన పెద్దల నోట మాత్రమే దొరకును. వారి వయస్సు ఎనుబది దాటుచున్నది. వచ్చు ఉగాదిలోపల మన సభ్యులలో ఇద్దరు ముగ్గురు ఆ యిండ్లకు పోయి, వారు చెప్పినది చెప్పినట్లు, వారి మాటలలోనే వ్రాసికొని వచ్చినచో, వచ్చు సంచికలో దానికి పది పుటలు ముందుగనే విడిచి యుంచవలసినదిగా సంపాదకవర్గమును కోరుచున్నాను. చెప్పినవారి పేర్లు వారి అనుమతితో పుట తలమీద అచ్చు వేయవలెను, క్రింద చిన్న అక్షరములలో కాదు.