ఆరు ఊళ్ల నగరం నుంచి తుళ్లూరుకు

2023 మే 4న స్టోక్ ఆన్ ట్రెంట్ నగర కౌన్సిల్‌కు ఎన్నికలు జరిగాయి. మొత్తం 44 సీట్లు. లేబర్ పార్టీకి 29, కన్జర్వేటివ్‌లకు 14, మిగిలిన ఒక్కటి స్వతంత్రులకు వచ్చాయి. లేబర్ నాయకురాలు జేన్ ఆష్‌వర్త్ కౌన్సిల్ పగ్గాలు అందుకున్నారు. ఇంగ్లండ్ నడిబొడ్డున ఉన్న ఒక నగరంలో ఎవరు గెలిస్తే మనకేమిటని తుళ్లూరులో మీరు అడగవచ్చు. నేనుండే ఈ నగరం చరిత్ర తెలిసేకొద్దీ నాకు మన అమరావతి రాజధాని పల్లెలే కళ్లముందు మెదులుతున్నాయి. అందుకే రాస్తున్నాను.

స్టోక్ అంటే ఒక ఊరు కాదు. టన్‌స్టాల్, బర్స్‌లెమ్, హాన్లీ, స్టోక్, ఫెంటన్, లాంగ్టన్ అనే ఆరు ఊళ్లు. బంకమట్టి, బొగ్గు ఒకేచోట దొరకడంతో పింగాణీ పరిశ్రమ ఇక్కడ వేళ్లూనుకుంది. వెడ్జ్‌వుడ్, స్పోడ్ కంపెనీలు ఇక్కడివే. ఒకప్పుడు సీసా ఆకారంలో కట్టిన ఇటుక బట్టీలు రెండు వేలకు పైగా పొగ కక్కేవట. ఇప్పుడు 47 మాత్రం నిలిచి ఉన్నాయి.

ఇంగ్లండ్ అంటేనే ప్రజాస్వామ్యానికి పుట్టిల్లని మనం బళ్లో చదువుకున్నాం. ఆ పుట్టింట్లో కూడా ఓటు ఊరికే రాలేదు. 1835లో మున్సిపల్ కార్పొరేషన్ల చట్టం వచ్చి, అంతదాకా కొన్ని కుటుంబాల గుప్పిట్లో ఉన్న 178 పట్టణాల పాలనను పన్ను కట్టేవాళ్లు ఎన్నుకునే కౌన్సిళ్లకు అప్పగించింది. కూలివాడికి మాత్రం ఓటు లేదు. 1842లో కూలి తగ్గించినందుకు ఇక్కడి బొగ్గుగని కార్మికులు సమ్మె కట్టారు, ఓటుహక్కు అడుగుతున్న చార్టిస్టులు వాళ్లతో కలిశారు. ఆగస్టు 16న బర్స్‌లెమ్‌లో సైన్యం కాల్పులు జరిపితే జోసయ్యా హీపీ అనే కుర్రవాడు చనిపోయాడు. చెప్పులు కుట్టి బతికేవాడు. నేను వారాంతంలో కూరగాయలకు వెళ్లేది ఆ ఊరి మీదుగానే.

పన్ను కట్టే ఒంటరి స్త్రీలకు 1869లో పట్టణ ఎన్నికల్లో ఓటు వచ్చింది. స్త్రీలు కౌన్సిలర్లు కావడానికి 1907 దాకా ఆగాల్సి వచ్చింది. ఇంకో వింత చూడండి. 1918 నుంచి 1945 దాకా, తల్లిదండ్రుల ఇంట్లోనే ఉండే పెళ్లికాని కొడుకుకు పార్లమెంటు ఎన్నికల్లో ఓటు ఉండేది, తన వీధి బాగోగులు చూసే కౌన్సిల్ ఎన్నికల్లో ఉండేది కాదు. ఇల్లు ఎవరి పేరున ఉంటే వాళ్లకే, వాళ్ల భార్యకే ఊరి మీద హక్కు. ఈ అడ్డు 1945లో తొలగింది.

1910 మార్చి 31న ఆరు ఊళ్లనూ కలిపి ఒకే కౌన్సిల్ చేశారు. ఫెంటన్ గట్టిగా ఎదురు తిరిగింది. మా పన్నులు తీసుకెళ్లి పక్క ఊళ్లో ఖర్చు పెడతారా అని వాళ్ల భయం. పెద్ద ఊరు హాన్లీ అయితే పేరు, కార్యాలయం స్టోక్‌కు దక్కాయి. నూరేళ్లు దాటినా ఆ పట్టింపు పోలేదు. ఇక్కడివాళ్లను మీదే ఊరని అడిగితే లాంగ్టన్ అనో, టన్‌స్టాల్ అనో చెబుతారు తప్ప నగరం పేరు ఎత్తరు.

పార్టీల సంగతికి వస్తే, ఇది ఒకప్పుడు లేబర్ కంచుకోట. 1996లో మొత్తం 60 సీట్లూ వాళ్లే గెలిచారు. మన దగ్గర ఏకగ్రీవం అంటే పండగ, పంచాయతీలకు ప్రభుత్వం నజరానా కూడా ఇస్తుంది. ఇక్కడ ఆ 60కి 60 ఏమైందో చూశాక నాకు ఏకగ్రీవం మీద మోజు పోయింది. గనులు మూతపడ్డాయి, ఉక్కు కర్మాగారం పోయింది, బర్స్‌లెమ్‌లోని రాయల్ డౌల్టన్ ఫ్యాక్టరీ 2005లో ఆగిపోయింది. సభలో అడిగేవాడు లేడు. ఆ కోపాన్ని సొమ్ము చేసుకున్నది వలసొచ్చినవాళ్లను వెళ్లగొట్టాలనే బ్రిటిష్ నేషనల్ పార్టీ. 2008 నాటికి కౌన్సిల్లో వాళ్ల బలం తొమ్మిది. నాలాంటి ఒంటిరంగు ఉన్నవాడికి ఆ అంకె ఎలా వినబడుతుందో చెప్పక్కర్లేదు. 2011 ఎన్నికల్లో వాళ్లు ఒక్కటీ మిగలకుండా తుడిచిపెట్టుకుపోయారు. తరువాత స్వతంత్రులు వచ్చారు, కన్జర్వేటివ్‌లు వచ్చారు, మళ్లీ లేబర్ వచ్చింది. ఇలా మారుతూ ఉండటమే ఈ ఊరికి మంచిదని నా నమ్మకం.

ఈ ఊరి రాజకీయాల్లో మనవాళ్లూ ఉన్నారు. నిజామాబాద్ జిల్లా కోటగిరి నుంచి వచ్చిన డాక్టర్ చంద్ర కన్నెగంటి ఇక్కడ కన్జర్వేటివ్ కౌన్సిలర్‌గా గెలిచి నగర లార్డ్ మేయర్ కూడా అయ్యారు. మెడలో బంగారు గొలుసు వేసుకునే ఆ పదవి గౌరవానిది, అధికారం కౌన్సిల్ నాయకుడి చేతిలో ఉంటుంది. మనవాళ్లలో చాలామందికి తెలియని మాట ఒకటుంది: ఇంగ్లండ్‌లో ఉండే భారత పౌరులకు కామన్వెల్త్ పౌరులుగా ఓటుంది. బ్రిటిష్ పాస్‌పోర్టు అక్కర్లేదు. చదువుకోవడానికి వచ్చిన పిల్లలు కూడా పేరు నమోదు చేసుకోవచ్చు. దయచేసి చేసుకోండి.

ఓట్ల లెక్కింపు ఒకసారి దగ్గరుండి చూశాను. పొడవాటి బల్లలకు అటు ఉద్యోగులు, ఇటు పార్టీల ఏజెంట్లు. వేళ్లకు రబ్బరు తొడుగులు వేసుకుని కాగితాలు చకచకా తిప్పుతారు. ఇక్కడ పెన్సిలుతో ఇంటూ గుర్తు పెడతారు. ఒకాయన దాని బదులు టిక్కు పెట్టాడు. ఆ కాగితాన్ని పక్కన పెట్టి, అధికారి అందరికీ ఎత్తి చూపించాడు. ఓటరు ఎవరిని కోరుకున్నాడో స్పష్టంగా తెలుస్తోంది కాబట్టి చెల్లుతుందన్నాడు. ఓడిపోయే పార్టీ ఏజెంటు కూడా తల ఊపాడు. ఒక్క కాగితానికి అంత మర్యాద!

మన పల్లెల్లో ఆ కాగితం చూసి ఎంతకాలమైంది? తుళ్లూరు చుట్టుపక్కల పంచాయతీలకు 2013లో ఎన్నికలు జరిగాయి. 2018లో పదవీకాలం ముగిసి ప్రత్యేకాధికారులు వచ్చారు. 2021లో రాష్ట్రమంతా సర్పంచులను ఎన్నుకుంటే రాజధాని గ్రామాలను పక్కన పెట్టారు. రాజధాని కోసం దాదాపు 34 వేల ఎకరాలు సమీకరణకు ఇచ్చిన ఊళ్లవి. వీధి దీపం వెలగకపోతే అడగడానికి ఒక వార్డు మెంబరు కూడా లేకుండా పోయాడు. 2022 జనవరిలో 19 గ్రామాలను కార్పొరేషన్ చేస్తామన్నారు, సెప్టెంబరులో 22 గ్రామాలను మున్సిపాలిటీ చేస్తామన్నారు. రెండుసార్లూ గ్రామసభలు వద్దన్నాయి.

అడగకుండా నెత్తిన పెట్టిన మున్సిపాలిటీని కాదనడం మన ప్రాంతానికి కొత్త కాదు. చీరాల, పేరాలను కలిపి మున్సిపాలిటీ చేసి పన్ను పెంచితే దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట జనం 1921లో ఇళ్లు వదిలి రామ్‌నగర్ పేరుతో పాకలు వేసుకుని దాదాపు ఏడాది గడిపారు. అప్పటి మద్రాసు ప్రభుత్వం స్థానిక స్వపరిపాలన అనే పేరుతోనే అదంతా చేసింది.

మున్సిపాలిటీయే వద్దని నేననను. ఆరు ఊళ్లు కలవడం వల్లనే ఈ నగరానికి బరువు వచ్చింది. కానీ ఫెంటన్ భయం నిజమైన భయం, దానికి జవాబు చెప్పవలసింది కలిపేవాళ్లే. మన ఊళ్లను రేపు కలిపేటప్పుడు గ్రామసభల్లో మొదట మూడు సంగతులు అడగండి: వార్డుల సరిహద్దులు ఎవరు గీస్తారు, మా ఇంటిపన్ను ఎంతవుతుంది, ఎన్నిక ఏ నెలలో పెడతారు. మూడోదానికి తేదీ చెప్పందే మొదటి రెండింటికీ ఒప్పుకోవద్దు.