పిడికెడు బియ్యము

1955లో సోవియట్ ప్రభుత్వముతో కుదిరిన ఒడంబడిక ననుసరించి దుర్గు జిల్లాలోని భిలాయిలో ఉక్కు కర్మాగారము తలయెత్తినది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాదు అందు తొలి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించెను. ఆ కాలమున విజయనగరము–రాయపూరు రైలుదారి వెంట కూలీలు, మేస్త్రీలు, గుమాస్తాలు, పని తెలిసినవారు, తెలియనివారు, ఎందరో తెలుగువారు భిలాయికి తరలివచ్చిరి. తరువాత కర్మాగారమునకు అనుబంధముగా హథ్‌ఖోజ్ వంటి గ్రామముల నేల చిన్న కార్ఖానాల వాడగా మారినది. అట్లు వచ్చిన తెలుగువారిలో క్రైస్తవులును కలరు. వారి భక్తి ఈ నేల మీద పుట్టినది కాదు; దాని చరిత్ర తెలియవలెనన్న దక్షిణమునకు, మాల మాదిగ పల్లెలకు పోవలసియున్నది.

తెలుగు క్రైస్తవ చరిత్ర యనగానే చెప్పువారెల్లరు 1878 జూలై 3వ తేదీని చెప్పుదురు. ఆ దినమున గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లి వద్ద 2,222 మంది బాప్తిస్మము పొందిరి. సంఖ్య గొప్పదే కాని దానికి ముందు జరిగినదే నాకు ముఖ్యముగా తోచుచున్నది. 1866లో బాప్తిస్మము పొందిన యెర్రగుంట్ల పేరయ్య తోలుపని చేయు మాదిగ. అంతకు పూర్వమే యోగుల నాశ్రయించి సత్యమును వెదకినవాడు. అతడు ఊరూర తిరిగి తన బంధువులకు తాను తెలిసికొన్నది చెప్పుచుండగా, 1867 జనవరి 1న ఎనిమిది మందితో ఒంగోలు సంఘ మేర్పడెను. మిషనరీ క్లవ్ దొర క్రొత్తవారికి విధించిన నియమములు మూడే: ఆదివారము పని మానుట, చచ్చిన గొడ్డు మాంసము తినకుండుట, విగ్రహములకు మ్రొక్కకుండుట. చదువుటకు చిన్నవిగా కనుపించు ఈ మూడును మాదిగకు జీవనాధారమునే కదలించునవి. చచ్చిన గొడ్డు అతని మిరాశీ. జాతరలో డప్పు కొట్టుట అతని వంతు. ఆదివారమైనను కోతకాలమున పిలుపు వచ్చిన పొలమునకు పోకతప్పదు. డప్పు కొట్టననినవానికి ఊరిపెద్దలు నీరు, కూలి మాన్పించిన సందర్భములు ఆనాటి వృత్తాంతములలో అనేకములు కలవు. కాబట్టి ఆ విశ్వాసము ప్రతి దినమును వెల చెల్లించి నిలుపుకొనవలసిన విశ్వాసము.

1876–78 నాటి మహాక్షామములో క్లవ్ దొర బకింగ్‌హాము కాలువ త్రవ్వకములో మూడున్నర మైళ్ల గుత్తను తీసికొని ఆకలిగొన్నవారికి పని కల్పించెను. కాని గంజి కొరకు మతము పుచ్చుకొన్నారను మాట రాకూడదని, సాయము జరిగినంతకాలము ఒక్కరికిని బాప్తిస్మ మీయలేదు. ఆ నిగ్రహమును మెచ్చుకొనక తప్పదు.

ఇక దోర్నకల్లు. తిరునెల్వేలి ప్రాంతపు తమిళుడైన వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1909లో నిజాము రాజ్యములోని ఆ ఊరికి వచ్చి, గుడారములో కాపురముండి, తెలుగు నేర్చి, 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పుగా అభిషిక్తుడయ్యెను. ఆంగ్లికన్ సంఘమున ఆ పదవి నందిన తొలి భారతీయు డాయనయే. తన ప్రజ లధికభాగము దినకూలీలని యెరిగియు ఆయన వారిని దానగ్రహీతలుగా చూడక దాతలుగా చూచెను. సంఘము పరదేశపు ధనముతో బ్రతుకరాదని ఆయన పట్టు. ఆ పట్టునకు అండగా నిలిచినది దొరల చందా కాదు, స్త్రీల పిడికిలి.

ఆ పిడికెడు బియ్యపు ఆచారము మిక్కిలి సులభము. ఇల్లాలు సోలతో బియ్యము కొలిచి, ఎసరు కాగులోపల చాటలో చెరిగి, ఎసటిలో పోయుటకు ముందు అందుండి ఒక పిడికెడు తీసి మూలనున్న చిన్న ముంతలో వేయును. మెట్టసీమలలో అవి జొన్నలే కావచ్చును. ఆదివారమున ఆ ముంతలోనిది కొంగున ముడివేసికొని గుడికి తెచ్చి గంపలో పోయును. ఆ గంపయే పల్లె ఉపదేశకునికి గ్రాసము. కూలి ధాన్యముగా వచ్చు ఇంట రొక్క మెక్కడ నుండి వచ్చును? ధాన్యమే కానుక. బిడ్డలు చాలదని యేడ్చు రాత్రియు ఆ పిడికెడు మానని తల్లులుండిరని పెద్దలు చెప్పుదురు. ఆ మాట అతిశయోక్తి యని నేననను. కోతపండుగ వచ్చినపుడు కోడి, గుమ్మడికాయ, నిమ్మకాయ గుడి ముందు వేలమునకు పెట్టి పాడుట ఈ సంప్రదాయమునకు పండుగ రూపము. ఇట్టి పల్లెలలో తాగుడు తగ్గుట, ఇండ్లు శుభ్రమగుట, పిల్లలు అక్షరములు దిద్దుట చూచి, 1920ల, 30ల నాటికి ఇతర కులములవారును కొందరు ఆ విశ్వాసము వంక మరలిరి. 1939 జనవరి 6న దోర్నకల్లు కతీడ్రలు ప్రతిష్ఠింపబడెను. ఆరేండ్లకు, 1945 జనవరి 1న, అజరయ్య మరణించెను.

ఛత్తీస్‌గఢ్ నేలకును ఇట్టి క్రమశిక్షణ క్రొత్తది కాదు. గిరౌద్‌పురిలో పుట్టిన గురు ఘాసీదాసు తన సత్‌నామీ శిష్యులను మద్యమాంసములు విడువుడని బోధించెను. 1868లో ఓస్కార్ లోర్ బిస్రాంపూరులో స్థాపించిన క్రైస్తవ మిషను ఆ సత్‌నామీల నడుమనే పని చేసినది. మార్గములు వేరైనను, నోటి నియమముతోనే మనిషిని మార్చ బూనుట ఘాసీదాసు బోధకును తెలుగు క్రైస్తవుల ఆచారమునకును సమానము.

అయితే భిలాయి వచ్చిన తెలుగువారికి ముంత యొక్క అవసరము తగ్గినది. జీతము నెలకొకమారు రొక్కముగా వచ్చును. సంఘమునకు చెల్లించు దశమభాగ మను లెక్కయు రొక్కముననే తెగును. మూడు షిఫ్టులలో పని చేయువాని ఇంట ఎసరు కాగు వేళయు నిలుకడగ నుండదు. రూపాయల కానుక సంఘమునకు మిక్కిలి ఉపయోగకరమైనదే. కాని నెలకొకసారి ఇచ్చినదానికిని పూటపూటకు తన నోటినుండి తీసి పెట్టినదానికిని సాధనలో గల తారతమ్యము చిన్నది కాదని నా అభిప్రాయము. నెల నడుమ మరచిపోవుటకు తావున్నది, పొయ్యి ముందు లేదు.

భిలాయి, చరోదా, హథ్‌ఖోజ్ ప్రాంతముల తెలుగు సంఘముల పెద్దలకు ఒక మనవి. కర్మాగార మారంభమైన కాలమున వచ్చినవారిలో ఉన్నవారు నేడు మిక్కిలి వృద్ధులు. వారు ఏ పల్లెనుండి వచ్చిరో, తొలి ఆరాధన యెవరి క్వార్టరులో జరిగినదో, ఏ అమ్మ ఎంతకాలము ముంత నిలిపినదో అడిగి, సంఘపు పుస్తకములో తెలుగుననే వ్రాయించి యుంచుడు.