వీడియో గేముల వర్గీకరణ: క్రియ, దృక్పథం

1878లో ధారావాహికగా మొదలైన ‘రాజశేఖర చరిత్రము’ను వీరేశలింగం వచన ప్రబంధమన్నారు. ‘నవల’ అన్న పేరు ఆ తర్వాత స్థిరపడింది. ప్రక్రియ ముందు పుడుతుంది, పేరు వెనక వస్తుంది. సాహిత్య విద్యార్థులకు తెలిసిన ఈ సత్యమే వీడియో గేముల చరిత్రలోనూ కనిపిస్తుంది. వాటిని విశ్వవిద్యాలయాలు పరిశోధనాంశంగా స్వీకరించాయి. కనుక వాటి వర్గీకరణకు ప్రాతిపదిక ఏమిటన్నది విమర్శకులు పట్టించుకోవలసిన ప్రశ్నేనని నా అభిప్రాయం.

1976లో విల్ క్రౌథర్ రాసి, 1977లో డాన్ వుడ్స్ విస్తరించిన ‘అడ్వెంచర్’ అనే ఒక్క ఆట పేరే ఒక శాఖ మొత్తానికి పేరయింది. 1993లో ‘డూమ్’ వచ్చాక ఆ తరహా ఆటలన్నిటినీ ‘డూమ్’ నకళ్లన్నారు. పాత్ర కళ్లతో చూస్తూ కాల్చే ఈ ఆటలకు ‘ఫస్ట్ పర్సన్ షూటర్’ అన్న పేరు కొన్నేళ్లకుగాని నిలబడలేదు. ఇవి పండితులు పెట్టిన పేర్లు కావు. ఆటగాళ్ల నోట, పత్రికల్లో, అంగళ్లలో స్థిరపడినవి.

పద్ధతి ప్రకారం విభజించ పూనుకున్న తొలివారిలో క్రిస్ క్రాఫర్డ్ ఒకరు. 1984 నాటి గ్రంథంలో ఆయన ఆటలను రెండుగా విడదీశారు: చేతి నేర్పును కోరేవి, వ్యూహాన్ని కోరేవి. 2001లో మార్క్ వుల్ఫ్ నలభైకి పైగా శాఖలు చూపారు. సినిమాల్లోలాగా కథావస్తువును, దృశ్యాలను బట్టి కాక, ఆటగాడు చేసే పనిని బట్టి విభజించాలన్నది ఆయన వాదం. ఇది ముందడుగే. ఆటకు క్రియే ప్రాణం.

అయితే అక్కడే ఆగిపోతే నాకు పేచీ ఉంది. 2001లో సిరియా నుంచి ‘అండర్ యాష్’ వెలువడింది. అందులో నాయకుడు ఇజ్రాయెల్ ఆక్రమణను ఎదిరించే పాలస్తీనా యువకుడు. 2002లో అమెరికా సైన్యం యువకులను తనవైపు ఆకర్షించేందుకు ‘అమెరికాస్ ఆర్మీ’ని తయారుచేయించి ఉచితంగా పంచింది. క్రియను బట్టి చూస్తే రెండూ ఒకే గూట్లో పడతాయి. తుపాకీ ఎవరి చేతిలో ఉంది, ఎవరి మీదికి గురిపెట్టింది అన్న ప్రశ్నలకు ఆ గూట్లో చోటు లేదు.

వస్తువును వదిలేసిన రూపవిమర్శ ఏకపక్షమని అభ్యుదయ సాహిత్యవిమర్శ ఏనాడో తేల్చింది. ఇక్కడా అంతే. పరిశోధకుడు తన ప్రాతిపదిక ఏదో ముందే చెప్పాలి. తాను వాడే పేరు ఏ కాలంలో, ఎవరి అవసరం కోసం పుట్టిందో చెప్పాలి. క్రియతోపాటు దృక్పథాన్నీ లెక్కలోకి తీసుకోవాలి. అప్పుడే వర్గీకరణ అంగడి జాబితాగా మిగిలిపోక, విమర్శ అవుతుంది.