గ్రంథనామం నుంచి పుటశీర్షిక దాకా

గ్రంథం ఉండటం వేరు, వెదికేవారికి అది దొరకడం వేరు. ఈ రెంటినీ కలిపేది గ్రంథాన్ని గురించి చెప్పే నాలుగు మాటలు. ‘మెటాడేటా’ అన్న పేరు కొత్తదే గాని ఆ పని మన సాహిత్యంలో ప్రాచీనమైనదే.

తెలుగు కావ్యాల్లోని ఆశ్వాసాంత గద్య కవి పేరు, తండ్రి పేరు, కావ్యనామం, ఆశ్వాస సంఖ్య తెలుపుతుంది. ప్రతి ఆశ్వాసం చివరా ఇది పునరుక్తం కావడంవల్ల, తాళపత్ర ప్రతి శిథిలమై కొన్ని ఆకులే మిగిలినా, వాటిలో గద్య ఉంటే కావ్యాన్ని గుర్తించవచ్చు. అచ్చు వచ్చాక ఈ బాధ్యత ముఖపత్రానికి సంక్రమించింది. 1867 నాటి 25వ చట్టం ముద్రాపకుని పేరునూ ముద్రణస్థలాన్నీ ప్రతి పుస్తకంపై తప్పనిసరి చేసింది. గ్రంథనామం, భాష, కర్త, విషయం మొదలైన వివరాల నమోదుకు ఏర్పాటు చేసింది.

1995లో ఈ చరిత్ర అంతర్జాలానికి చేరింది. ఆ ఏడాది మార్చిలో అమెరికాలోని ఒహాయో రాష్ట్రం డబ్లిన్‌లో జరిగిన సమావేశం నుంచి ‘డబ్లిన్ కోర్’ వివరణాంశాలు రూపుదిద్దుకొన్నాయి. తరువాత అవి 15గా స్థిరపడ్డాయి. నవంబరులో వెలువడిన హెచ్‌టీఎంఎల్ 2.0 ప్రతి పత్రానికీ శీర్షిక ఉండాలని విధించింది. పుటలో కనిపించకుండా చేర్చే ‘కీవర్డు’లను మాత్రం పలువురు అసందర్భ పదాలతో నింపారు. వెబ్ ఫలితాల క్రమనిర్ణయంలో తాము వాటిని పరిగణించడం లేదని 2009లో గూగుల్ ప్రకటించింది. పుటశీర్షిక విలువ మాత్రం నిలిచింది. గద్యలో బిరుదులెన్ని ఉన్నా గ్రంథాన్ని పట్టి ఇచ్చేది పేరే అయినట్లు, ఇక్కడా గుర్తింపు నిలిచి ఆర్భాటం తొలగింది.

తెలుగు విషయంలో లిపి మరొక చిక్కు. 1991లోనే యూనికోడ్‌లో తెలుగుకు స్థానం లభించినా, చాలాకాలం మన వెబ్ పుటలు ఫాంటుకొక సంకేతపద్ధతిని అనుసరించాయి. కంటికి తెలుగుగా కనిపించిన పాఠం శోధనయంత్రానికి అర్థరహిత రోమన్ అక్షరాల వరుస. డిజిటల్ గ్రంథాలయాల్లో అనేక తెలుగు పుస్తకాల పేర్లు గుర్తులు లేని రోమన్ లిపిలో నమోదయ్యాయి. ఆ లిపిలో కల, కళ, కాల, కాళ అన్నింటికీ ఒకే రూపం. పుస్తకం భద్రంగా ఉన్నా పరిశోధకునికి లేనట్లే.

కనుక ప్రతి వ్యాసానికీ వేరు పుట, ప్రతి పుటకూ తెలుగు లిపిలో వ్యాసనామం, రచయిత పేరు, సంవత్సరం ఉండాలి. రోమన్‌లో వెదికేవారికోసం ఆ రూపాన్ని వివరణలో చేర్చాలి. సంచిక మొత్తానికి ఒకే శీర్షిక తగిలిస్తే, గ్రంథమంతటికీ ఒక్క గద్యతో సరిపెట్టినట్లే. ఆశ్వాసం ఆశ్వాసానికీ తన పేరు చెప్పుకొన్న కవి పద్ధతే నేటికీ అనుసరణీయం.